బొలెరో మీదొకటి, మేడ మీదొకటి: మా యాంటెనాల డైరీ

జూన్ 8

హుద్‌హుద్ వచ్చి వెళ్లి ఇన్నేళ్లయినా మా అపార్ట్‌మెంట్ మీటింగులో అక్టోబరు పేరెత్తితే చాలు, ఎవరో ఒకరు ఆ కబుర్లు మొదలెడతారు. 2014 అక్టోబరు 12న గంటకు 170, 180 కిలోమీటర్ల గాలి విశాఖ మీద పడింది. కరెంటు పోయింది. సెల్‌ఫోన్లు మూగబోయాయి. రెండు వీధుల అవతలున్న చెల్లెలి క్షేమం తెలుసుకోవడానికి కూలిన చెట్లు ఎక్కి దిగుతూ నడిచి వెళ్లాను. నా దగ్గర హ్యామ్ లైసెన్సు (సరదాగా రేడియోలో మాట్లాడుకునేవాళ్లకి ఇచ్చేది) అప్పటికే ఉంది, రేడియో కూడా ఉంది. యాంటెనా మాత్రం మొదటి రోజే ఎగిరిపోయింది. నాలుగిళ్ల అవతల దొరికింది, వంకీలు తిరిగి.

ఈసారి ముందే మేలుకున్నాం. ఇద్దరం లైసెన్సు ఉన్నవాళ్లం: నేను, మూడో అంతస్తులో ఉండే మాస్టారు. ఆయన ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యారు. ఆయన మనవరాలు పరీక్షకి చదువుతోంది. రెండో అంతస్తు సత్తిబాబుకి లైసెన్సు లేదు గానీ బొలెరో ఉంది. అతను బండి నడుపుతాడు, మైకు మేం పట్టుకుంటాం. ఇదీ ఒప్పందం.

కావలసినవి రెండే. బొలెరో ఊళ్లో ఎక్కడున్నా 145 మెగాహెర్ట్జ్ దగ్గర, వీలైతే 435 దగ్గర కూడా మాట్లాడగలగాలి. రెండోది, సెల్లారులో జనరేటరు పక్కన నిలబడినవాడి చేతిలోని హ్యాండీకి (చేతి రేడియోకి) కూడా ఆ మాట వినపడాలి. తుపానులో పై అంతస్తుల అద్దాలు నిలవవు, అందరం కిందికే చేరతాం. నాలుగంతస్తుల కాంక్రీటు కింద మాత్రం రేడియోకి ఊపిరి ఆడదు.

నా ఆలోచన సింపుల్: అన్ని బ్యాండ్లకీ పనికొచ్చే గట్టి వైడ్‌బ్యాండ్ యాంటెనా ఒకే రకం తీసుకుని, బండికొకటి, బిల్డింగుకొకటి పెట్టేద్దాం. మాస్టారు ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోతే నాకు టెన్షన్.

జూన్ 15

ఆన్‌లైన్‌లో తెప్పించిన వైడ్‌బ్యాండ్ యాంటెనా వచ్చింది. ముప్పై సెంటీమీటర్లు కూడా లేదు, నల్లగా, బొద్దుగా, మందపాటి రబ్బరు తొడుగుతో. 100 నుంచి 1000 మెగాహెర్ట్జ్ దాకా పని చేస్తుందని పెట్టె మీద రాసి ఉంది. ఐపీ67 అట. అంటే దుమ్ము చొరబడదు, మీటరు లోతు నీళ్లలో అరగంట ఉంచినా ఏమీ కాదు. చేత్తో వంచి చూశాను, వంగి మళ్లీ నిలబడింది. బొలెరో టాప్ మీద మ్యాగ్నెట్ మౌంట్‌తో పెట్టి, యాంటెనాలు కొలిచే చిన్న మీటరు నానో వీఎన్‌ఏ తగిలించాను. 145 దగ్గర ఎస్‌డబ్ల్యూఆర్ (పంపిన పవరులో ఎంత వెనక్కి తిరిగిందో చెప్పే అంకె, 1 అంటే ఏమీ తిరగనట్టు) 1.3. 435 దగ్గర 1.2. మధ్యలో ఎక్కడ చూసినా 1.5 దాటలేదు. గీత బల్లపరుపుగా ఉంది. నాకు ఆనందం ఆగలేదు. సత్తిబాబుకి స్క్రీన్ చూపిస్తే, "అన్నా, ఈసీజీ ఇలా వస్తే మనిషి పోయినట్టు కదా?" అన్నాడు.

వాడు జోక్‌కే అన్నాడు.

జూన్ 22

పోలిక పరీక్ష పెట్టాం. పద్ధతి ఇది. బొలెరో బీచ్ రోడ్డులో ఒకే చోట ఆగి ఉంటుంది, ఇంజను ఆఫ్. నేను 25 వాట్లతో పది సెకన్లు పంపుతాను. మాస్టారు ఇంట్లో ఎస్‌డీఆర్ డాంగిల్‌లో (కంప్యూటరుకి తగిలించే చిన్న రిసీవరులో) సిగ్నల్ ఎంత వచ్చిందో రాసుకుంటారు. యాంటెనా మారుస్తాను, బండి కదలకూడదు, మ్యాగ్నెట్ అదే చోట ఉండాలి, మళ్లీ పంపుతాను. ఇలా మూడుసార్లు.

పోటీకి పెట్టింది నా పాత పావు తరంగం కమ్మీ. 145 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు రెండు మీటర్ల పైచిలుకు, అందులో పావు అరమీటరు. ఊచ మందం, కొన ప్రభావం వల్ల కాస్త తగ్గి 49 సెంటీమీటర్ల దగ్గర సరిపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు ఊచ, అంతే. దాని ఎస్‌డబ్ల్యూఆర్ 145 దగ్గర 1.3, 150 దాటితే పెరుగుతుంది. కొత్తదానితో పోలిస్తే పేదరాలు.

ఫలితం: 145 దగ్గర కొత్త యాంటెనా 9 డీబీ (డెసిబెల్, సిగ్నల్ బలాన్ని పోల్చే కొలత) తక్కువ. మూడుసార్లూ దాదాపు అంతే. 9 డీబీ అంటే ఎనిమిదో వంతు. నేను 25 వాట్లు పోస్తుంటే పాత కమ్మీతో మూడు వాట్లు పంపినట్టు అవతలికి చేరుతోంది. మిగతావి ఎక్కడికి పోయాయి? ఐదు నిమిషాలు ఏకధాటిగా పంపాక యాంటెనా అడుగు పట్టుకుని చూశాను. వెచ్చగా ఉంది, పిల్లాడి నుదురులా.

సాయంత్రం మాస్టారు టీ తాగుతూ పాఠం చెప్పారు. "చిన్నగా ఉండాలి, అన్ని ఫ్రీక్వెన్సీలకీ ఒదగాలి, పంపిన పవరంతా గాల్లోకి వెళ్లాలి. ఈ మూడింట్లో రెండే నీకు దొరుకుతాయి బాబూ. మూడోది దొరికిందని ఎవరన్నా చెబితే లోపల రెసిస్టరు ఉందని అర్థం." 1947లో వీలర్, 1948లో చూ ఈ హద్దును లెక్కగట్టి చూపించారట. రేడియోని పరీక్షించేటప్పుడు యాంటెనా బదులు తగిలించే రెసిస్టరు, డమ్మీ లోడ్ సంగతే చూడండి. దాని ఎస్‌డబ్ల్యూఆర్ 1కి 1, ఏ బ్యాండులోనైనా. కానీ అది యాంటెనా కాదు, చిన్న పొయ్యి. ఎస్‌డబ్ల్యూఆర్ చెప్పేది పవరు వెనక్కి రాలేదని మాత్రమే. గాల్లోకి వెళ్లిందో, వేడిగా మారిందో అది చెప్పదు.

ఇది నాకు తెలియని విషయం కాదు. లైసెన్సు పరీక్షలో రాశాను కూడా. అయినా ఆ బల్లపరుపు గీత చూసి మురిసిపోయాను.

జూలై 6

బండి యాంటెనా గురించి నిర్ణయం: పావు తరంగం ఊచే. 145కి 435 మెగాహెర్ట్జ్ సరిగ్గా మూడు రెట్లు కాబట్టి అక్కడ అదే ఊచ ముప్పావు తరంగంగా పని చేస్తుంది. కొన్నదేమీ లేకుండా రెండో బ్యాండు ఉచితం. అయితే ముప్పావు తరంగంలో సిగ్నల్ ఎక్కువ భాగం ఆకాశం వైపు లేస్తుంది, దిగంతం వైపు తగ్గుతుంది. కాబట్టి 435ని అపార్ట్‌మెంట్ చుట్టుపక్కల మాటలకే ఉంచుకుంటాం. దూరానికి 145.

ఇంకా పొడవైనది, మీటరు పైన ఉండే, తరంగంలో ఎనిమిదింట ఐదు వంతుల యాంటెనా పెడితే దూరం ఇంకా వస్తుంది కదా అని సత్తిబాబు అడిగాడు. వస్తుంది. కానీ బొలెరో ఎత్తు సుమారు 1.9 మీటర్లు, మా సెల్లారు ర్యాంపు దగ్గర దూలం 2.2 మీటర్లు. అరమీటరు ఊచే తగులుతుంది, అడుగున స్ప్రింగు ఉంటే వంగి లోపలికి వెళ్లిపోతుంది. మీటరు పైనది అయితే ప్రతిసారీ దిగి విప్పాలి. తుపాను రాత్రి దిగి విప్పేవాడెవడు?

మ్యాగ్నెట్ మౌంట్ తీసేస్తున్నాం. దాని కింద చేరిన ఇసుక రెండు వారాల్లోనే పెయింటు గీకేసింది. గీసిన చోట ఉప్పు గాలికి తుప్పు బొట్టు కూడా పడింది. కేబులు తలుపు సందులోంచి వస్తోంది, తలుపు వేసినప్పుడల్లా నలుగుతోంది. టాప్‌కి రంధ్రం పెట్టి, అందులో శాశ్వతంగా కూర్చునే ఎన్‌ఎంఓ మౌంట్ బిగించాలి. ఈ మాట సత్తిబాబుకి ఎలా చెప్పాలో తెలీక రెండు రోజులు తిరిగాను.

జూలై 13

చెప్పాను. "రంధ్రమా? నా బండికా?" అన్నాడు. తర్వాత వాళ్లావిడే, "ఆ వర్షంలో మా అమ్మ వాళ్ల కబురు తెలియక మూడు రోజులు ఏడిచాను, పెట్టించండి అన్నయ్యా" అంది. పని అయిపోయింది.

ఆటోనగర్‌లో మాకు తెలిసిన పైడిరాజు దగ్గరికి తీసుకెళ్లాం. ముందు లోపలి టాప్ లైటు విప్పాడు. ఆ ఖాళీలోంచి చెయ్యి పెడితే లైనింగు మొత్తం పీకే పని తప్పుతుంది. ముప్పావు అంగుళం హోల్ సాతో సరిగ్గా టాప్ నడిబొడ్డున రంధ్రం. నడిబొడ్డే ఎందుకంటే, ఆ ఇనప టాపే యాంటెనాకి రెండో సగం. ఊచ చుట్టూ అన్ని వైపులా సమానంగా రేకు ఉంటే సిగ్నల్ అన్ని వైపులా సమానంగా పోతుంది. ఒక మూలన పెడితే ఎక్కువ రేకు ఉన్న వైపుకి ఒరుగుతుంది. కోసిన అంచుకి జింక్ ప్రైమరు పూశాడు. లోపలి వైపు మౌంటు పళ్లు కరిచే చోట మాత్రం పెయింటు గీకేశాం, అక్కడ లోహం లోహాన్ని తాకాలి. రబ్బరు రింగు మీద సిలికాన్ గ్రీజు. ఊచ తీసేసినప్పుడు మూయడానికి ఒక టోపీ.

పైడిరాజు పని చూసి ముచ్చటేసింది. టాప్ మీద బకెట్టు నీళ్లు గుమ్మరించి, లోపల సీటు మీద న్యూస్‌పేపరు పరిచి పది నిమిషాలు కూర్చున్నాడు. పేపరు తడవలేదు. అప్పుడే డబ్బులు తీసుకున్నాడు. నాకు ఐపీ67 అచ్చు కన్నా ఆ పేపరు మీద నమ్మకం.

ఊచని 52 సెంటీమీటర్ల దగ్గర మొదలుపెట్టి కొద్దికొద్దిగా కత్తిరించాం. 49 దగ్గర 145కి 1.2 వచ్చింది, 435కి 1.6.

జూలై 27

ఇక బిల్డింగు. మేడ మీద పాత కేబులు ఒకటి ఉంది, ఆర్‌జీ-58 అనే సన్న రకం, దాదాపు 30 మీటర్లు. షాఫ్ట్‌లోంచి కిందికి లాగి ఉంది కాబట్టి దాన్నే వాడుకుందామని కింద మీటరు పెట్టాను. 435 దగ్గర ఎస్‌డబ్ల్యూఆర్ 1.2. పాత యాంటెనా ఇంకా ఇంత బాగుందా అని మేడ ఎక్కి చూశాను.

పైన యాంటెనా లేదు. ఎవరో విప్పేశారు. కేబులు చివర గాల్లో వేలాడుతోంది, కాకి కూర్చుంది.

యాంటెనా లేకుండా 1.2 ఎలా వచ్చింది? 435 దగ్గర ఆ కేబులు మీటరుకి 0.38 డీబీ దాకా తినేస్తుంది, 30 మీటర్లకి పదకొండు పైన. వెళ్లేటప్పుడు పదకొండు, తిరిగొచ్చేటప్పుడు పదకొండు. చివర్లో మొత్తం పవరు వెనక్కి తిరిగినా కిందికి చేరేసరికి ఏమీ మిగలదు, మీటరు "అంతా బాగుంది" అంటుంది. 25 వాట్లు పంపితే పైకి చేరేది రెండు వాట్ల లోపే. మాస్టారికి చెబితే చాలాసేపు నవ్వారు. "నెల రోజుల్లో రెండోసారి. ఈ మీటరు నిన్ను పగబట్టింది."

పాత కేబులు పీకేశాం. చిలుము పట్టి అల్లిక అంతా ఆకుపచ్చగా ఉంది.

ఆగస్టు 10

బిల్డింగు లోపలికి సిగ్నల్ తేవడానికి పెద్ద పెద్ద భవనాల్లో వాడే పద్ధతి వేరు. మేడ మీద యాంటెనా, మధ్యలో రెండు వైపులా పెంచే యాంప్లిఫయరు, కింద అంతస్తుకి నాలుగు చిన్న యాంటెనాలు లేదా పొడుగునా సిగ్నల్ కార్చే కేబులు. మాకు యాంప్లిఫయరు వద్దు. మొదటి కారణం, దానికి ప్రత్యేక అనుమతి కావాలి. రెండోది, పై యాంటెనాకీ కింది యాంటెనాకీ మధ్య ఉండే ఎడం యాంప్లిఫయరు పెంచే దానికన్నా కనీసం 15 డీబీ ఎక్కువ లేకపోతే పెళ్లి పందిట్లో మైకు కూసినట్టు మొత్తం కూస్తుంది. మూడోది, దానికి కరెంటు కావాలి. మేం సిద్ధమవుతున్నదే కరెంటు లేని రోజు కోసం.

అందుకని ఏమీ లేని పద్ధతి: మేడ మీదొక యాంటెనా, కిందొకటి, మధ్యలో మంచి కేబులు. అంతే. చాలామంది ఇది పని చెయ్యదంటారు. మాస్టారు క్యాలెండరు వెనక లెక్క వేశారు. రెండు కిలోమీటర్ల దూరంలో 5 వాట్ల రేడియో, 145 మెగాహెర్ట్జ్, మధ్యలో అడ్డం లేదనుకుంటే 5 వాట్లంటే 37 డీబీఎం (మిల్లీవాటుతో పోల్చి చెప్పే కొలత, మైనస్ అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ బలహీనం), దారిలో 82 డీబీ పోయి మేడ మీదికి మైనస్ 45 వస్తుంది. 22 మీటర్ల ఆర్‌జీ-213 అనే మందపాటి కేబులులో రెండు పోతాయి. కింద యాంటెనా నుంచి ఐదు మీటర్ల దూరంలో ఉన్న హ్యాండీకి చేరేలోగా ఇంకో 30. చివరికి మైనస్ 77. హ్యాండీ మైనస్ 120 దాకా వినగలదు. 43 డీబీ చేతిలో మిగిలింది. మధ్యలో బిల్డింగులు పాతిక తిన్నా పర్లేదు. అదే లెక్క 435కి వేస్తే రెండు చోట్లా దాదాపు పదేసి డీబీ ఎక్కువ పోయి, కేబులు కూడా కాస్త ఎక్కువ తిని మైనస్ 97 దగ్గర ఆగింది. బొటాబొటీ.

దూరం నుంచి వచ్చే బలహీనమైన సిగ్నల్‌కి ఈ పద్ధతి పనికిరాదు, నిజమే. మా బొలెరో మా పేటలోనే తిరుగుతుంది.

ఆగస్టు 24

మేడ మీదికి డిస్కోన్ కట్టాం. వైడ్‌బ్యాండ్ అంటే ఇది. పైన గుండ్రటి చట్రం, కింద శంకువు. 130 మెగాహెర్ట్జ్ నుంచి మొదలు కావాలంటే శంకువు ఊచలు పావు తరంగం, అంటే 58 సెంటీమీటర్లు ఉండాలి, మేం 60 పెట్టాం. పై చట్రం అడ్డం 40. ఎనిమిది ఊచలు కిందికి, ఎనిమిది పైన చుట్టూ. ఇది కూడా బల్లపరుపు గీతే ఇస్తుంది, కానీ రెసిస్టరుతో కాదు, సైజుతో. పెద్దగా ఉంటుంది కాబట్టి నిజాయితీగా ఉంటుంది. గెయిన్ (సిగ్నల్‌ని ఒక వైపుకి పోగుచేసే బలం) ఏమీ ఇవ్వదు, మామూలు డైపోల్ (రెండు ఊచల సాదా యాంటెనా) అంతే. బీచ్ రోడ్డు పరీక్ష దీనికీ పెట్టాం, ఇదే చోట ఎత్తిన డైపోల్‌కీ దీనికీ తేడా ఒక్క డీబీ.

చట్రానికీ శంకువుకీ మధ్య ఇన్సులేటరు నైలాన్ రాడ్డుతో లేత్ మీద చేయించాం. ఊచలు పూర్ణా మార్కెట్‌లో దొరికిన స్టెయిన్‌లెస్ స్టీలు, 6 మిల్లీమీటర్లవి. హబ్బు కూడా అదే లోహం. అల్యూమినియం తేలిక, చవక, కానీ ఉప్పు తడిలో స్టీలు పక్కన అల్యూమినియం పెడితే ఏడాదిలో తెల్లటి పిండి రాలుతుంది. కనెక్టరు ఎన్ టైపు. పాత పీఎల్-259 రకం కనెక్టరులో నీళ్లు దిగడం నేను చాలాసార్లు చూశాను. దాని మీద తనలో తాను కలిసిపోయే రబ్బరు టేపు, దాని మీద మామూలు టేపు, కేబులు కిందికి ఒక వంపు తిప్పి ఆ తర్వాత పైపులోకి. వాన నీళ్లు వంపు దగ్గరే కారిపోతాయి. తెల్ల కేబుల్ టైలు ఎండకి రెండు వేసవులు కూడా ఆగవు, నల్లవే వాడాం. కేబులు షాఫ్ట్‌లోకి దిగే చోట పిడుగు అరెస్టరు, స్తంభానికి విడిగా ఎర్తు.

గాలి లెక్క నేనే వేశాను, మాస్టారు దిద్దారు. కట్టడాల మీద భారం లెక్కకి వాడే ఐఎస్ 875 ప్రమాణం విశాఖకి ఇచ్చే గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. చదరపు మీటరుకి సుమారు 150 కిలోల తోపుడు. డిస్కోన్ ఊచలన్నీ కలిపి గాలికి అడ్డొచ్చేది చాలా తక్కువ, ఆరేడు కిలోల బలం. దాన్ని మోస్తున్న మూడు మీటర్ల పైపు మీద పడేది పద్దెనిమిది కిలోల పైనే! నేను వారం రోజులుగా ఊచల గురించి బెంగపడుతున్నాను, పడాల్సింది పైపు గురించి. మూడు వైపులా స్టీలు తీగలతో లాగి కట్టాం. పక్కింటి రేకులు ఎగిరొచ్చి తగిలితే ఎవరి లెక్కా నిలవదు, అది వేరే సంగతి.

సెప్టెంబరు 7

కింద పెట్టాల్సిన యాంటెనా. ఇక్కడ గట్టిదనం అక్కర్లేదు, గెయిన్ అక్కర్లేదు, తలకి తగలకుండా ఉంటే చాలు. డిస్కోన్ తలకిందులుగా వేలాడదీస్తే ఎవరి కన్నో పోతుంది. కిటికీలకి కొట్టే అల్యూమినియం మెష్‌తో రెండు త్రిభుజాలు కోసి, పీవీసీ షీటు మీద కొనలు ఎదురెదురుగా అతికించి, నిలువుగా గోడకి కొట్టాం. బో-టై యాంటెనా. మొత్తం ఎత్తు 80 సెంటీమీటర్లు. మెష్‌కి టంకం అంటదు, ఇత్తడి స్క్రూలు, వాషర్లతో నొక్కి పట్టించాం. ఇక్కడ తడి లేదు కాబట్టి చెల్లుతుంది, మేడ మీదైతే చెయ్యను.

ఎస్‌డబ్ల్యూఆర్ 145 దగ్గర 2.3. జూన్‌లో అయితే పీకి మళ్లీ కట్టేవాణ్ని. 2.3 అంటే వెనక్కి తిరిగేది పదిహేను శాతం, ముప్పావు డీబీ. చెవికి తెలియదు. అందమైన 1.3 చూపించిన ఆ బొద్దు యాంటెనా తొంభై శాతం దాకా మింగింది. మెష్‌ని అలాగే వదిలేశాను.

మాస్టారు స్టూలు వేసుకుని పక్కన కూర్చుని, "ఎదిగావు" అన్నారు.

సెప్టెంబరు 14

పరీక్ష రోజు. సత్తిబాబు బండి, నేను మైకు. మాస్టారు హ్యాండీతో సెల్లారులో జనరేటరు పక్కన. ముందు కింది కేబులు విప్పేసి ప్రయత్నించాం: గేటు దాటి వంద మీటర్లు వెళ్లేసరికి మాస్టారు మాయం. కేబులు తగిలించాక బీచ్ రోడ్డు దాకా స్పష్టం. కైలాసగిరి కింద మలుపులో ఒకచోట తెగింది, బండి నాలుగడుగులు ముందుకి జరిగితే మళ్లీ వచ్చింది. 435 అయితే మా వీధి చివరి దాకే. లిఫ్టు ముందు బాగానే ఉంది. సెల్లారు వెనక మూల, నీళ్ల ట్యాంకు అవతల, ఏ బ్యాండూ లేదు. అక్కడికి రెండో బో-టై లాగాలి.

ఒక చికాకు. హ్యాండీని నేరుగా డిస్కోన్ కేబులుకి తగిలిస్తే చెవుడొచ్చినట్టు అవుతోంది, దగ్గరి సిగ్నల్ కూడా వినదు. డిస్కోన్ అన్నిటినీ తెస్తుంది, ఊళ్లో ఎఫ్‌ఎం స్టేషన్లని కూడా, బలంగా. చిన్న హ్యాండీలో సిగ్నల్‌ని మొదట అందుకునే భాగం ఆ హోరు తట్టుకోలేదు. ఒక్క బ్యాండు యాంటెనా అయితే కొంత వడపోత దానంతటదే జరిగేది. బండిలో ఉండే పెద్ద రేడియోని తగిలిస్తే ఈ బాధ లేదు. ఎఫ్‌ఎంని ఆపే ఫిల్టరు ఒకటి తెప్పించాలి. అయితే అది హ్యాండీని నేరుగా తగిలించినప్పుడే, వినడానికి మాత్రమే. దానిలోంచి పవరు పంపితే కాలిపోతుంది. కాగితం రాసి అంటించాలి.

సెప్టెంబరు 21

ఫిల్టరు ఇంకా రాలేదు. రెండో బో-టైకి మెష్ మిగిలే ఉంది, కేబులు పది మీటర్లు కావాలి.

పొద్దున వాచ్‌మన్ అప్పన్న పట్టుకున్నాడు. "సార్, గోడకి ఆ దోమల జాలీ కొట్టిన కాడినుంచీ నా రేడియోలో పాటలు తెగ వస్తన్నాయి. ఇన్నాళ్లూ కింద ఒక్క స్టేషనూ పలికేది కాదు. దాన్ని తీసేయకండేం." ఫిల్టరుని లైను మధ్యలో కాకుండా పైనే, హ్యాండీ తగిలించే చోటే పెడతానని మాటిచ్చాను.